పదీ పధ్నాలుగు దగ్గర ఆగిన ఊరు

లోపలపేట కరెంటు కమిటీ పెద్దలకు, ఊరి మహాజనులకు, వంట మేస్త్రీ గవర్రాజు గారికి, ఎండపేట నుంచి వచ్చి మా పులిహోర రెండేసి సార్లు వడ్డించుకుని వెళ్ళిన మగపెళ్ళివారికి, కరెంటు గది డ్యూటీ ఆపరేటరు మురారి సాష్టాంగపడి విన్నవించుకునేది.

క్షమించండి. పోయిన వారం మన ఊళ్ళో జరిగిన సమస్త అనర్థాలకూ నేనే కారణం. ఇడ్లీలు పిండిముద్దల్లా దిగితే నేనే. బడి గంట ముందే మోగి పిల్లలు పలుపు తెంపుకున్న దూడల్లా ఇళ్ళ మీద పడితే నేనే. పెళ్ళి పందిట్లో చీకటి పడితే నేనే. చందమామ మీద గాలి లేకపోవడం గురించి ఎప్పుడైనా విచారణ జరిగితే అందులోనూ నా పేరే బయటికొస్తుందని నాకు గట్టి నమ్మకం. ఇంత పాపం మోసే భుజాలు ఇచ్చిన భగవంతుడికీ, ఇక్కడ ఏ బరువైనా ఆరో వంతే తూగేలా చేసిన ఈ నేలకీ కృతజ్ఞతలు.

కమిటీ వారు సంజాయిషీ అడిగారు. నా దగ్గర సంజాయిషీ లేదు, డ్యూటీ డైరీ ఉంది. ఉన్నదున్నట్టు జత చేస్తున్నాను. అక్కడక్కడ ఇంటి గొడవ కలిసిపోయింది. వడగట్టి ఇచ్చే తీరిక లేదు.

ఆదివారం. ఊపు: 49.7. ఊరు వెనక: ఇరవై నిమిషాలు.

డ్యూటీలోకి రాగానే మామూలుగా చేసే మూడు పనులూ చేశాను. అద్దం పెట్టెలో ఉన్న అసలు గడియారం చూడటం, గోడ గడియారం చూడటం, నిట్టూర్చడం. అసలు గడియారం ఎవరి మాటా వినదు, దాని సొంత స్ఫటికం మీద అది నడుస్తుంది. ఊళ్ళో మిగతా గడియారాలన్నీ ప్లగ్గు రంధ్రానికి చెవి ఆనించి, కరెంటు ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టి టైము చెప్పే రకం. యాభై ఊపులు లెక్కపెడితే ఒక సెకను. ఊపు తగ్గితే వాటికి అనుమానం రాదు. తాపీగా యాభై పూర్తి చేసుకుని, అప్పుడు సెకను అయిందని ప్రకటిస్తాయి. ముల్లు తిప్పుకునే మర వాటికి లేదు. షిఫ్టు ఎగ్గొట్టేవాళ్ళు తిప్పేస్తారని ఊరు కట్టినవాళ్ళు ముందే తీయించేశారు.

ఊపు ఎందుకు తగ్గింది? వచ్చే శనివారం నుంచి మూఢం. మూడు నెలలు ముహూర్తాల్లేవు. అందుకని ఈ వారమే మూడు పెళ్ళిళ్ళు పెట్టుకున్నారు, ప్రతి ఇంట్లోనూ గ్రైండర్లు తిరుగుతున్నాయి. ఇక్కడ రాయికి బరువు లేదు, పిండి నలగాలంటే స్ప్రింగు పెట్టి అదమాలి, దానికి పెద్ద మోటారు కావాలి. తిరగలి తిప్పే మనిషి ముందు గుప్పెడు గుప్పెడు గింజలు పోస్తూ పోతే చెయ్యి ఎలా నెమ్మదిస్తుందో, మా టర్బైనుకి అదే అయింది.

ఆ మూడు పెళ్ళిళ్ళలో ఒకటి మా అక్క కౌముదిది. ఇవాళ పదకొండింటికి తాంబూలాలు.

వరుడు జయంత్, ఎండపేట వాడు. ఎండపేట అంటే సొరంగంలో కాకుండా పైన, గుట్ట మీద, సూర్యుడు కనిపించే చోట ఉండే ఊరు. వాళ్ళకి వాళ్ళ సొంత కరెంటు, సొంత సూర్యుడు, సొంత గర్వం. జయంత్‌ని పెంచి పెద్ద చేసిన మేనత్త వర్ధనమ్మ గారి చేతికి ఒక వాచీ ఉంటుంది. అది నా అద్దం పెట్టె గడియారానికి తోబుట్టువు, సెకను తేడా రాదు.

ఆ వాచీ ప్రకారం సరిగ్గా పదకొండింటికి వాళ్ళు మా ఊరి గుమ్మం దగ్గర దిగారు. లోపలి తలుపు మా ఊరి గడియారం ప్రకారం తెరుచుకుంటుంది. మా ఊళ్ళో అప్పుడు పది నలభై. పదిహేడు మంది, చంకలో శిరస్త్రాణాలు, చేతుల్లో పళ్ళేలు, రెండు తలుపుల మధ్య ఇరుకు గదిలో ఇరవై నిమిషాలు నిలబడ్డారు. మధ్యలో వర్ధనమ్మ గారు తలుపు అద్దంలోంచి లోపలికి చూశారు. అవతల మా నాన్న విశ్వపతి గారు తువ్వాలు కట్టుకుని, గడ్డానికి నురుగు పూసుకుని, తాపీగా నడిచి వెళ్తున్నారు. పాపం ఆయనకింకా బోలెడు టైముంది.

తాంబూలాలైతే పుచ్చుకున్నారు. వెళ్ళేటప్పుడు మాత్రం ఆవిడ అమ్మని పక్కకి పిలిచి, గొంతు పెంచకుండా అందరికీ వినిపించేలా ఒక మాట అన్నారు.

"పిల్ల బంగారం వదిన గారూ. ఇంటికే టైము లేదు. ఇంకొక్కసారి ఇలా అయితే తాంబూలాలు వెనక్కి పంపిస్తాం."

ఇందులో సరదా లేదు. శుక్రవారం దాటితే మూఢం. జయంత్‌కి వచ్చే వారం వెనక వైపు గనిలో ఉద్యోగం, రెండేళ్ళు. పెళ్ళైనవాడికి గది ఇస్తారు, కానివాడికి పడక ఇస్తారు. శుక్రవారం పెళ్ళి కాకపోతే అక్క ఇక్కడ, అతను చందమామకి అవతల. భూమి కూడా కనిపించని చోట.

సోమవారం. ఊపు: 49.7. ఊరు వెనక: ఇరవైకి కాస్త పైన.

మా పై అధికారి సాంబమూర్తి గారికి పరిస్థితి విన్నవించాను. ఆయన లెక్క వేసి, ఆవిరి వాల్వు ఒక మెట్టు పైకి తిప్పారు. గ్రైండర్లన్నీ తిరుగుతున్నా సరే, నెమ్మదిగా ఊపు యాభై దాటుతుందని, శుక్రవారానికి ఊరు అసలు టైముని అందుకుంటుందని చెప్పారు. తర్వాత వాల్వుకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, ఎండపేటలో ఏదో మీటింగుకి బయల్దేరారు. మగపెళ్ళివారి బండిలోనే శుక్రవారం తిరిగొస్తారట.

తాళంచెవి నాకు ఇచ్చి వెళ్ళమని మర్యాదగా అడిగాను. నేను హుషారైన కుర్రాణ్ణని, అందుకే ఇవ్వడం లేదని అంతకన్నా మర్యాదగా చెప్పారు. నా చేతికి అందేది ఒక్కటే, గోడ మీద ఎర్ర పిడి మెయిన్ స్విచ్చి. నిప్పు అంటుకుంటే తప్ప ముట్టుకోకూడదు, అప్పుడు ఎవరైనా దించొచ్చని దానికి తాళం పెట్టలేదు. బీటెక్ నాలుగేళ్ళూ భూమి నుంచి వచ్చే పాఠాలు వింటూ గడిపిన నాకు ఈ ఊరు అప్పగించిన సర్వాధికారం అది. వెయ్యొచ్చు, తియ్యొచ్చు.

సాయంత్రం నాన్న మైకు పట్టుకున్నారు. వార్డు మెంబరు కాబట్టి మైకు మీద ఆయనకి హక్కుంది. పెళ్ళి అయ్యేదాకా ఊళ్ళో ఎవరింట్లోనైనా గ్రైండరు తిరిగితే అది తన కూతురి మెడ మీద తిరిగినట్టేనని, ముఖ్యంగా గవర్రాజు గారి పెద్ద గ్రైండరు వల్లే ఊరి పరువు ఇరవై నిమిషాలు వెనకబడిందని ప్రకటించారు. వంట మేస్త్రీ గవర్రాజు గారు ఈ మాట కూరలు తరుగుతూ విన్నారు. తరగడం ఆపేశారని చూసినవాళ్ళు చెప్పారు.

మంగళవారం. ఊపు: 50.7. సాయంత్రానికి ఊరు అసలు టైముని పట్టుకుంది.

మిగతా రెండు పెళ్ళిళ్ళ ఇళ్ళతో సహా ఊరు ఊరంతా గ్రైండర్లు ఆపేసింది. నాన్న మాటకి భయపడి కాదు. అక్క ఆకుకూరల గదిలో పనిచేస్తుంది, తూకంలో ఎప్పుడూ ఒక కట్ట ఎక్కువే వేస్తుంది. ఆ కట్టలన్నీ ఇవాళ లెక్కకొచ్చాయి. గోంగూర తిన్న ప్రతి ఇల్లూ ఉప్మాతో సరిపెట్టుకుంది.

సాంబమూర్తి గారు వాల్వు తిప్పింది గ్రైండర్లు తిరుగుతాయన్న లెక్కతో. ఇప్పుడు బరువు లేదు, టర్బైను గాలిపటంలా లేచింది. శుక్రవారానికి అవ్వాల్సిన పని ఒక్క రోజులో అయిపోయింది. గోడ గడియారం, అద్దం పెట్టె గడియారం ఒకే అంకె చూపిస్తుంటే ముచ్చటేసి, ఇద్దరికీ దిష్టి తీశాను.

తియ్యకుండా ఉండాల్సింది. రాజీ మాటలు కూడా ఇవాళే అయ్యాయి. పురోహితులు అవధాని గారు మధ్యవర్తి. ఆయన సామాన్యుడు కాడు. ముహూర్తానికి చంద్రుడు ఏ రాశిలో ఉన్నాడో చూడాలి కదా, మన కాళ్ళ కింద ఉన్నవాణ్ణి ఆకాశంలో ఎక్కడ వెతకడం అని అందరూ తలలు పట్టుకున్న రోజుల్లో, చంద్రుడి బదులు భూమిని చూసి పంచాంగం కట్టిన మనిషి. ఆయన నాన్ననీ వర్ధనమ్మ గారినీ ఫోన్లో కలిపి, పెళ్ళి ఏ గడియారం ప్రకారం జరగాలో తేల్చమన్నారు. నాన్న మా ఊరి గడియారమే అని పట్టుపట్టారు. పెళ్ళి ఆడపిల్ల ఇంట్లో, గడియారమూ ఆడపిల్ల ఇంటిదే.

వర్ధనమ్మ గారు వెంటనే ఒప్పేసుకున్నారు. అంత వెంటనే ఒప్పుకుంటే ఎవరికైనా అనుమానం రావాలి. మాకు రాలేదు.

"సరే అన్నయ్య గారూ, మీ గడియారమే. పదీ పదహారు లోపల జీలకర్ర బెల్లం. నేను మాత్రం నా వాచీ చూసుకునే బయల్దేరతాను, పదింటికి మీ గుమ్మంలో ఉంటాను. మీ గడియారంలో ముహూర్తం దాటిందో, దాటినట్టే. మళ్ళీ మాట మార్చకండి."

మార్చమని నాన్న రొమ్ము విరుచుకున్నారు. ముహూర్తం ముందు అరగంట తంతు ఉంటుంది కదా అని అవధాని గారు నసిగారు. కాళ్ళు కడిగి కూర్చోబెట్టడానికి పది నిమిషాలు చాలని ఇద్దరూ ఒక్క గొంతుతో కొట్టిపారేశారు. వియ్యంకులు ఏకాభిప్రాయానికి వచ్చింది ఆ ఒక్క విషయంలోనే.

బుధవారం. ఊపు: 50.4. ఊరు ముందు: తొమ్మిది నిమిషాలు.

ఊరు ఆగడం లేదు. పట్టుకున్న టైముని దాటేసి ముందుకు పోతోంది. వాల్వుకి తాళం, తాళంచెవి ఎండపేటలో. ఊపు దిగాలంటే ఒకటే దారి, జనం కరెంటు వాడాలి.

ఇల్లిల్లూ తిరిగి గ్రైండర్లు వెయ్యమని బతిమాలాను. నిన్న ఉప్మా తిన్న మొహాలు ఇవాళ నన్ను చూసిన చూపు ఎలా చెప్పను. మొన్న మీ నాన్న మైకులో శాపనార్థాలు పెట్టాడు, ఇవాళ నువ్వొచ్చి రుబ్బమంటావు, ముందు మీ ఇంట్లో తేల్చుకుని రండి అన్నారు. ఒకావిడ జాలిపడి, ఇస్త్రీ పెట్టె పెడితే పరవాలేదా అని అడిగింది. పెట్టమ్మా, ఎంతసేపైనా పెట్టు అన్నాను. ఉన్నదే రెండు చీరలు, పాపం. రెండూ మూడేసిసార్లు చేసింది. వాటి బలంతోనే ఊపు కాస్త దిగినట్టుంది.

ఈలోగా ఊళ్ళో జీవితం పరుగందుకుంది. సొరంగం దీపాలు ముందే వెలిగి ముందే మలిగాయి. షిఫ్టు ముందే అయిపోయిందని గనివాళ్ళు నాకు సలాము పెట్టారు. ఇడ్లీ కుక్కరు టైమరు ముందే గంట కొట్టింది, మొన్న రుబ్బి దాచుకున్న పిండి సగం ఇడ్లీలుగానే దిగింది. భూమి నుంచి వచ్చే వార్తలు మాత్రం వాటి టైముకే వచ్చాయి. భూమి ఆలస్యం చేస్తోందని మా ఊరివాళ్ళు విసుక్కున్నారు.

రాత్రి భోజనాల దగ్గర నాన్నకి విషయం చెప్పాను. మన గడియారం తప్పు, తొమ్మిది నిమిషాలు ముందుంది, మగపెళ్ళివారిని కాస్త ముందు రమ్మని కబురు పెట్టండి అన్నాను. ముందు రమ్మంటే మన గడియారం తప్పని మనమే ఒప్పుకున్నట్టట. ఆదివారం తప్పు, బుధవారం తప్పు, ఇంకెప్పుడు ఒప్పు అని వర్ధనమ్మ గారు అడుగుతారట. ఆవిడ అడగకపోతే నేనే అడుగుదామనుకుంటున్నాను, కానీ పెరుగు వడ్డించడం మొదలైంది.

గురువారం. ఊపు: 50.1. ఊరు ముందు: పన్నెండు నిమిషాలు.

నా ఆశంతా గవర్రాజు గారి మీద పెట్టుకున్నాను. రేపు నాలుగు వందల మందికి వంట. గారెల పిండి, బూరెల పిండి, కొబ్బరి పచ్చడి. పెద్ద గ్రైండరు ఒక రాత్రి తిరిగితే చాలు, ఊపు దానంతటదే కిందకొస్తుంది, తెల్లారేసరికి ఊరు దారిలో పడుతుంది.

పెళ్ళి వంటింటికి వెళ్ళి చూస్తే గ్రైండరు మీద దుప్పటి కప్పి, దుప్పటి మీద పూలదండ వేసి ఉంది. గవర్రాజు గారు పంతం పట్టారు. ఊరి పరువు తీసిన గ్రైండరు కదా, ఈ పెళ్ళిలో ఒక్క యూనిట్టు కరెంటు కూడా ముట్టుకోరట. పొయ్యిలన్నీ గ్యాసువి. పిండి మొత్తం రోట్లో. పొత్రం ఇక్కడ దూదిపింజలా ఉంటుంది, మినుములు దాన్ని చూసి భయపడవు. అందుకని పొత్రానికి తాళ్ళు కట్టి, ఆ తాళ్ళకి నలుగురు మనుషుల్ని వేలాడదీసి, అయిదో మనిషి చేత తిప్పిస్తున్నారు. వేలాడేవాళ్ళలో ఇద్దరు నాకు చెయ్యి ఊపారు.

కాళ్ళు పట్టుకున్నాను. గ్రైండరు వల్ల ఊరు ఆలస్యమైందన్నారు, ఇప్పుడు గ్రైండరు లేకపోవడం వల్ల ఊరు తొందరపడుతోందంటున్నారు, అసలు మీ చదువులో గ్రైండరు గురించి ఏం చెప్పారు బాబూ అని అడిగారు. ఏమీ చెప్పలేదు. నిజానికి నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ప్రస్తావించలేదు.

జయంత్‌కి ఫోన్ చేశాను. బావ అవ్వబోయేవాడు, మంచివాడు, మెల్లగా మాట్లాడతాడు. బండి తాళాలు కూడా అత్తయ్య దగ్గరే ఉన్నాయని, తను నడిచి రావడానికి సిద్ధమేనని, కానీ మధ్యలో గాలి లేదని చెప్పాడు.

సాయంత్రం అక్క కరెంటు గదికొచ్చింది. చేతులకి గోరింటాకు, అందుకని తలుపు భుజంతో తోసింది. నేను లెక్క చెప్పాను. రేపు వాళ్ళు గుమ్మంలో దిగేసరికి మన గడియారంలో పదీ పన్నెండు. గుమ్మం గదిలో గాలి నిండటానికే ఏడు నిమిషాలు. లోపలికొచ్చేసరికి పదీ పంతొమ్మిది. పదహారు దాటిపోయింది.

"తాళంచెవి ఉంటే ఏమైనా చెయ్యగలవా?"

"రాత్రంతా తగ్గించి పెట్టేవాణ్ణి. లేదు కదే."

అక్క అద్దం పెట్టె వైపు చూసింది. మామూలుగా అయితే నా చదువు మీద, నా మీసం మీద ఏదో ఒకటి అనకుండా వెళ్ళదు.

"రెండేళ్ళు ఆగగలనురా. ఆగలేక కాదు. ఆగాలని లేదు, అంతే."

వెళ్తూ వెళ్తూ నా బల్ల మీద పల్లీల పొట్లం చూసి, అన్నం తిన్నావా అంది. తిన్నానన్నాను. అబద్ధమని దానికి తెలుసు. రాత్రి ఎవరి చేతో అన్నం గిన్నె పంపించింది.

శుక్రవారం ఉదయం. ఊపు: 50.0. ఊరు ముందు: పన్నెండు నిమిషాలు.

పెళ్ళికని రాత్రి ఊరంతా ఇస్త్రీలు చేసుకున్నట్టుంది, ఊపు ఇవాళ కచ్చితంగా యాభై. అంటే తప్పు పెరగదు, తగ్గదు. ఒక తప్పుని ఇంత నిక్కచ్చిగా కాపాడిన కరెంటు గది ఇంకోటి ఉండదు.

కరెంటు గదికీ పెళ్ళి హాలుకీ మధ్య ఒకటే గోడ, గోడకి కిటికీ. కిటికీలోంచి అన్నీ కనిపిస్తున్నాయి. అక్క గౌరీపూజ దగ్గర కూర్చుంది. అవధాని గారు ప్రతి మంత్రం చివరా గడియారం చూస్తున్నారు. నాన్న చూడటం లేదు, చూడటం లేదన్నట్టు అందరికీ కనిపించేలా కూర్చున్నారు. అమ్మ ఏడవడానికి కాస్త ముందు ఉండే మొహంతో తిరుగుతోంది.

పదయింది. పదీ అయిదు. మా ఊళ్ళో.

పదీ పన్నెండుకి గుమ్మం గంట మోగింది. బండి వచ్చింది. నా అద్దం పెట్టెలో సరిగ్గా పది. వర్ధనమ్మ గారు అన్నంత పనీ చేశారు. గుమ్మం గదిలోకి గాలి నిండటం మొదలైంది. ఆ గాలికి ఎవరి పంతంతోనూ పని లేదు, దానికి ఏడు నిమిషాలు పడుతుంది.

పదీ పదమూడు. అవధాని గారు మంత్రం ఆపి నాన్న వైపు చూశారు. హాలంతా నాన్న వైపు చూసింది. మన గడియారం తప్పు అని ఆయన నోటితో ఒక్క మాట అంటే అయిపోతుంది. ఆయన నోరు తెరిచారు కూడా. తెరిచి, కండువా సర్దుకుని మూసేశారు. పెద్దమనిషి మొహం అంత చిన్నదైపోవడం నేనెప్పుడూ చూడలేదు.

అక్క మాత్రం గడియారం వైపు చూడలేదు. కిటికీ వైపు చూసింది.

పదీ పధ్నాలుగుకి ఎర్ర పిడి దించేశాను.

శుక్రవారం. ఊపు: లేదు. టైము: పదీ పధ్నాలుగు.

కంగారు పడాల్సిందేమీ లేదు. గాలి పంకాలకీ గుమ్మానికీ బ్యాటరీలున్నాయి. హాల్లో నాలుగు బ్యాటరీ దీపాలు వెలిగాయి. గోడ మీద ముల్లు మాత్రం కదలడం మానేసింది. మన గడియారాలకి ఊపే టైము. ఊపు లేకపోతే టైము లేదు.

ఈ సూక్ష్మం జనానికి అందడానికి కాసేపు పట్టింది. ముందుగా అందుకున్నది నాన్న. అంతసేపూ రాని గొంతు అప్పుడు లేచింది. ఊరి గడియారం పదీ పధ్నాలుగు చూపిస్తోంది కాబట్టి ఊళ్ళో టైము పదీ పధ్నాలుగేనని, అది పదీ పదహారు అయ్యేదాకా పదహారు కాదని, ఒప్పందం ఒప్పందమేనని ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చారు. అవధాని గారు కళ్ళు మూసుకుని ఆలోచించి, శాస్త్రంలో దీనికి అభ్యంతరం కనిపించడం లేదన్నారు. భోజనాలు ఎప్పుడని ఒక పెద్దాయన అడిగితే, పన్నెండున్నరకి అని, ఇప్పుడు పదీ పధ్నాలుగే కదా అని చెప్పి కూర్చోబెట్టారు. ఆయన కూర్చుని, కాసేపటికి మళ్ళీ అడిగారు. మళ్ళీ అదే టైము చెప్పారు. గవర్రాజు గారు వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి, ఈసారి నా గ్రైండరు కాదు, అందరూ సాక్ష్యం అని మూడుసార్లు అన్నారు.

పదింటికని పెట్టిన లోపలి తలుపు గాలి నిండగానే తెరుచుకుంది. మగపెళ్ళివారు చీకట్లోకి వచ్చారు. వర్ధనమ్మ గారు ముందు గోడ గడియారం చూశారు, తర్వాత వాచీ, మళ్ళీ గోడ గడియారం. తర్వాత కిటికీలోంచి నన్ను. నేను పక్కకి తిరిగి స్క్రూడ్రైవరు పట్టుకుని చాలా కష్టపడుతున్నట్టు నిలబడ్డాను. నా చేతిలో ఉన్నది స్క్రూడ్రైవరు కాదని, అమ్మ పూజ గదిలోంచి తెచ్చుకున్న అగరబత్తి అని తర్వాత తెలిసింది.

అంత తొందరగా కాళ్ళు కడిగిన పెళ్ళి నేను చూడలేదు. తెర పట్టారు. తెర అటూ ఇటూ ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టారు. తెర దించారు.

అప్పుడు నేను అద్దం పెట్టె చూశాను. అసలు గడియారంలో పదీ పధ్నాలుగు. గోడ గడియారంలోనూ పదీ పధ్నాలుగు. పన్నెండు నిమిషాలు ముందు పరిగెత్తిన ఊరు పన్నెండు నిమిషాలు నిలబడేసరికి లోకం వచ్చి కలిసింది. ఊరి గడియారం ప్రకారమూ ముహూర్తం లోపలే, ఆవిడ వాచీ ప్రకారమూ ముహూర్తం లోపలే. వర్ధనమ్మ గారు కూడా ఆ లెక్క చూసుకున్నారు. చూసుకుని, వాచీ మీదకి చీర చెంగు లాక్కుని, కాఫీ ఉందా అని అమ్మని అడిగారు.

శుక్రవారం సాయంత్రం. ఊపు: 50.0. ఊరు వెనక: ఎనిమిది నిమిషాలు.

కమిటీ వారి అనుమానం ఈ ఎనిమిది నిమిషాల మీదే కాబట్టి, దీని గురించి చెప్పి ముగిస్తాను.

మీ దగ్గరున్న ఫిర్యాదుల్లో చాలా మటుకు ఎవరికి వారు పంచుకోవచ్చు. ఊరు వెనకబడింది మూఢం వల్ల. ముందుకు దూకింది గోంగూర మీద ఊరికున్న కృతజ్ఞత వల్ల. దూకింది ఆగనిది గవర్రాజు గారి పంతం వల్ల, ఆయన గ్రైండరుకి ఇందులో ఏ పాపమూ లేదు, దయచేసి మైకులో ఆ మాట చెప్పించండి. స్విచ్చి దించింది నేనే, కానీ దాన్ని నేరమంటే పులిహోర తిన్న నాలుగు వందల మందీ నాతో పాటు బోనెక్కాలి.

స్విచ్చి వేడెక్కింది, చల్లారాక వేశాను అని మగపెళ్ళివారితో దిగిన సాంబమూర్తి గారికి చెప్పాను. వేడెక్కలేదు.

రెండు గడియారాలూ కలిసిన ఆ క్షణంలో పిడి ఎత్తేస్తే ఊరు సెకను తేడా లేకుండా సరైపోయేది. చెయ్యి పిడి మీదే ఉంది. కిటికీ అవతల తలంబ్రాలు మొదలయ్యాయి. భూమి మీద తలంబ్రాలు ఎలా పడతాయో నాకు తెలీదు. ఇక్కడ పైకి పోస్తే లేచి, ఆలోచించుకుని, చాలాసేపటికి దిగుతాయి. ఆ నాలుగు దీపాల వెలుగులో పసుపు బియ్యం గాల్లో నిలబడి ఉంది. కింద అక్క తల పైకెత్తి నవ్వుతోంది. అంతలా నవ్వితే దాని పై పన్ను వంకర కనిపిస్తుంది, అందుకని ఫొటోల్లో ఎప్పుడూ నవ్వదు. చీకటి కదా, ఎవరూ చూడరనుకుంది.

అప్పగింతలు రెండింటికి. ఊరి గడియారం ప్రకారం. రెండింటికి గుమ్మం తెరుచుకుంటుంది, బండి కదులుతుంది, ఆ తర్వాత రెండేళ్ళు వెనక వైపు. గోడ మీద ముల్లు పదీ పధ్నాలుగు దగ్గర ఉన్నంతసేపూ రెండు కాదు.

చెయ్యి తీసేసి హాల్లోకి వెళ్ళాను. అక్క పక్కన నిలబడ్డాను. దోసిట్లో మిగిలిన తలంబ్రాలు నా నెత్తిన పోసి, నీ కరెంటు ఇలా ఏడ్చిందేంట్రా అంది. ఏడ్చిందే అన్నాను. వర్ధనమ్మ గారు కాఫీ గ్లాసుతో మా పక్కకొచ్చారు. చెంగు కాస్త పక్కకి జరిపి వాచీ చూసుకున్నారు. ఆవిడకి టైము తెలుసు. ఆవిడకి అంతా తెలుసు.

"కరెంటు ఇంకా రాలేదా నాయనా?"

"ఇంకా లేదండీ."

ఆవిడ అక్కని చూశారు, నన్ను చూశారు.

"రానీలే. తొందరేముంది."

స్విచ్చి దించింది అక్క కోసం. ఎనిమిది నిమిషాలు ఎత్తకుండా ఉన్నది నా కోసం. నేను చేసిన తప్పు అదొక్కటే.